ముందే పెట్టిన రవ్వ

హిమజ ఇంటర్ పాసైంది. విజయవాడలో ఓ కాలేజీలో బీకాం సీటు వచ్చింది. సోమవారంలోగా చేరకపోతే అది పోతుంది. బీకామే ఎందుకంటే, స్నేహితులంతా అందులో చేరారు.

శనివారం ఏలూరులో కచేరీ. తనకి మృదంగం నేర్పే కోటిలింగం గారితో ఆమె కూడా వెళ్ళింది. వేదిక మీద చాప పరుస్తూ అడిగింది.

"మాస్టారూ, ఇప్పుడే చేరమంటారా, ఓ ఏడాది ఆగమంటారా?"

"మృదంగం సిద్ధం చెయ్యి. కాఫీ తాగొస్తాను."

మృదంగానికి ఎడమవైపు తోలు మీద తడిపిన బొంబాయి రవ్వ అద్దుతారు. అది ఉంటేనే ఆ వైపు నాదం గంభీరంగా పలుకుతుంది. హిమజ రవ్వ తడిపి ముద్ద చేసింది. గుండ్రంగా, నున్నగా అద్దింది.

పాడే ఆవిడ రాలేదు. రైలు ఆలస్యమట. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

చాలాసేపటికి మాస్టారు వచ్చి ఎడమవైపు వేళ్ళతో తట్టారు. గుమ్మనాల్సింది టక్కుమంది. ఎండిన రవ్వ పెచ్చు ఊడి పంచె మీద పడింది.

"ఎప్పుడు పెట్టావే ఇది?"

"మీరు వెళ్ళగానే."

"పాడే ఆవిడ జాడే లేదు. వడియాలు ఎండబెట్టావా?"

వయొలిన్ ఆయన నవ్వాడు. హిమజ తల వంచుకుంది.

"అప్పటికే వయొలిన్ ఆయన శ్రుతి చేసుకుంటున్నారు. ఘటం ఆయన కూడా సర్దుకుని కూర్చున్నారు. అందరూ మొదలుపెట్టేస్తుంటే నేనొక్కదాన్నే ఊరికే కూర్చోలేక..."

బీకాంలో చేరిన స్నేహితులు గుర్తొచ్చారు.

కోటిలింగం గారు తడిగుడ్డతో రవ్వ నానబెట్టి తుడిచేశారు. ఉత్త తోలుతో మృదంగాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

సభ కార్యదర్శి తొంగిచూశాడు. "మాస్టారూ, మీరింకా రెడీ అవలేదా?"

"అయ్యానండీ."

కార్యదర్శి మృదంగం వంక అనుమానంగా చూసి వెళ్ళిపోయాడు. హిమజ కూడా అదే చూస్తోంది.

చివరికి గాయని వచ్చింది. నీళ్ళు తాగి, తంబూరా అందుకుంది. అప్పుడు మాస్టారు చెయ్యి చాచారు. హిమజ రవ్వ తడిపి ఇచ్చింది. ఆయన అద్ది, ఒక్కసారి తట్టారు. ఆ నాదానికి వెనక వరసలో మాటలు ఆగిపోయాయి.

కచేరీ అయ్యాక రవ్వ తీసేస్తూ హిమజ నెమ్మదిగా అంది.

"నాన్నకి ఫోన్ చేస్తాను మాస్టారూ. ఏం చదవాలో తేల్చుకున్నాకే చేరతానని చెబుతాను. మీరు ఆగమన్నట్టేగా?"

"నేనెప్పుడన్నాను?"

ఆయన మృదంగానికి గుడ్డ తొడిగి, రవ్వ పొట్లం, నీళ్ళ సీసా ఆమె చేతిలో పెట్టారు.

"ఇవి మాత్రం ఎప్పుడూ దగ్గరే ఉంచుకో. పాడే ఆవిడ వచ్చాక వెతుక్కోకూడదు."