ఎత్తిన మోకాలు, ఈడ్చిన పాదం

చియు గురువుని సూటిగా ఒక ప్రశ్న అడిగి, సూటిగా జవాబు రాబట్టుకున్నవాళ్ళు మబ్బుకోనలో ఎవరూ లేరు. ఆయన అడిగినదంతా శ్రద్ధగా వినేవాడు, తల ఊపేవాడు, ఆ తర్వాత అడిగినవాణ్ణి ఏదో ఒక పని మీద పంపేవాడు. ఆ పనికీ తన ప్రశ్నకీ సంబంధం ఏమిటో కొందరికి వెళ్ళొచ్చాక అర్థమయ్యేది. కొందరికి ఎన్నాళ్ళకీ అయ్యేది కాదు.

ఆయన పెద్ద శిష్యుడు పెయ్ జోంగ్. ఊహ తెలిసినప్పటి నుంచి అక్కడి కొండ మీద యుద్ధవిద్య నేర్పే సాధనశాలలోనే పెరిగాడు. గురువుకి వయసు మీద పడ్డాక కొత్తవాళ్ళకి పాఠం చెప్పేది అతనే. మనిషి సన్నగా, తేలిగ్గా ఉంటాడు. ఆ శాలకి పేరు తెచ్చింది 'ఏరు దాటే కొంగ' అనే విన్యాసం. అందులో మధ్యలో ఒక మలుపు ఉంది. ఒంటికాలి మీద నిలబడి, రెండో మోకాలు గుండెల దాకా ఎత్తి, ఒళ్ళంతా ఒక్కసారిగా వెనక్కి తిప్పాలి. తక్కినవాళ్ళు అక్కడ తూలిపోతారు. పెయ్ మాత్రం గాలిలో ఆకు తిరిగినట్టు తిరిగేవాడు. అది చూడ్డానికే పక్క ఊళ్ళ వాళ్ళు కొండెక్కి వచ్చేవారు.

ఆ ఏడు శాలకి కొత్త ముంగిలిగోడ కట్టారు. దాని మీద ఆ విన్యాసంలోని భంగిమలన్నీ రాతిలో చెక్కించాలన్నది పెయ్ కోరిక. శిల్పి కూడా వచ్చి కూర్చున్నాడు. అయితే చెక్కించేముందు చిక్కు ఒకటి తేల్చుకోవాలి. ఆ విన్యాసాన్ని మొదట నేర్పింది మో అవ్వ. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆవిడ పేరు చెప్పుకునే శాలలు ఇప్పుడు కొండల్లోనూ ఉన్నాయి, నది వెంబడీ ఉన్నాయి. పెయ్ ఆ వసంతమంతా తిరిగి అన్నింటినీ చూసి వచ్చాడు. ఒకచోట అరచెయ్యి తెరిస్తే ఇంకోచోట పిడికిలి బిగిస్తున్నారు. ఒకచోట చూపు చేతి వెంట పోతే ఇంకోచోట నేల మీద ఉంటోంది. అవన్నీ చిన్న తేడాలేనని అతను సరిపెట్టుకున్నాడు. కానీ ఆ మలుపు దగ్గర మాత్రం సరిపెట్టుకోలేకపోయాడు. నది శాలల్లో మోకాలు ఎత్తనే ఎత్తరు. నడుం దించి, పాదాన్ని నేల మీద ఈడుస్తూ తిరుగుతారు. పేరు కూడా 'ఏరు తాగే కొంగ' అంటారు.

తిరిగి రాగానే శిష్యులందరి ముందూ గురువుని అడిగాడు. "గురువుగారూ, మో అవ్వ చేసింది ఏది? మనదా, వాళ్ళదా? మనదేనని నాకు నమ్మకం. కొంగ అన్నాక కాలు ఎత్తాలి. ఈడిస్తే అది కొంగ కాదు, బాతు."

శిష్యులు నవ్వారు. గురువు కూడా నవ్వాడు.

"నది శాలలన్నింటికీ పెద్ద యువాన్. నాతోపాటు అవ్వ దగ్గర నేర్చుకున్న మనిషి," అన్నాడు. "రేవు దాకా వెళ్ళి, నేను రమ్మన్నానని చెప్పి తీసుకురా."

పెయ్ సంతోషంగా బయల్దేరాడు. ఆవిడ వస్తే మాట అందరి ఎదుటా తేలిపోతుందని అతని ధీమా. వసంతంలో తిరిగినప్పుడు తగలక, ఇప్పుడు రేవులో దొరికిన ఆ మనిషి పొట్టిగా, తల నెరిసి, పడవలకి పూసే నూనె వాసనతో ఉంది. గురువుకి చెల్లెలి లెక్క గనుక పెయ్ ఆమెని అత్తయ్యా అని పిలిచాడు. కొండెక్కుతున్నంతసేపూ ఆమె పెద్దగా మాట్లాడలేదు. మీ గురువు మోకాళ్ళు ఎలా ఉన్నాయని మాత్రం అడిగింది.

మర్నాడు పొద్దున్నే అందరూ ముంగిట్లో చేరారు. యువాన్ ముందుగా తన విన్యాసం చేసింది. మలుపు దగ్గర నడుం దించి, పాదం ఈడ్చి, నీళ్ళలో తెడ్డు తిరిగినట్టు తిరిగింది. తర్వాత పెయ్ చేశాడు. ఆ రోజు అతను ఎప్పటికన్నా బాగా చేశాడు.

"చాలా బాగుంది నాయనా," అందామె. "ఆ మలుపు నేర్చుకోవడానికి ఎంత కష్టపడ్డావు?"

"కష్టమేమీ పడలేదు అత్తయ్యా. మొదటిసారే వచ్చేసింది." ఆ మాట అనేటప్పుడు అతనికి కాస్త గర్వంగానే ఉంది. "మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట. అవ్వ చేసింది ఇదే. కాలు ఎత్తలేనివాళ్ళెవరో నది ఒడ్డున దాన్ని దించేసి ఉంటారు."

యువాన్ ఏమీ అనుకోలేదు. పై అంగీ నడుముకి బిగించి, ఒంటికాలి మీద లేచి, మోకాలు గుండెల దాకా ఎత్తి తిరిగింది. అంత వయసులో ఆ ఒళ్ళు అంత తేలిగ్గా ఎలా లేచిందో ఎవరికీ తెలియలేదు. పాదం నేలకి తాకిన చప్పుడు కూడా వినపడలేదు. తను చేసే మలుపు ఇన్నాళ్ళూ ఇలా ఉండాల్సిందని పెయ్‌కి ఆ క్షణంలో తోచింది.

"ఇది నాకు అవ్వ దగ్గరికి రాకముందే వచ్చు," అందామె ఊపిరి తీసుకుంటూ. "చిన్నప్పుడు ఎప్పుడూ గాలిలోనే ఉండేదాన్ని. ఎగరడం తప్ప నిలబడడం తెలీదు, ఎవరు తాకినా పడిపోయేదాన్ని. అవ్వ వెదురుబెత్తంతో పిక్కల మీద కొట్టి, ఈడ్చు పాదాన్ని, నేలని వదిలావంటే చూడు, అనేది. ఇక మీ గురువా, తిరగలి రాయిలా నేలకి అతుక్కుని ఉండేవాడు. కదిలించాలంటే ఇద్దరు కావాలి. మోకాలు ఎత్తరా, ఎత్తరా అని అవ్వ ఆయన వెంటపడేది. అన్నా, అబద్ధం చెప్తున్నానా?"

"ఎన్నిసార్లు పడ్డానో నా మోకాళ్ళకి ఇంకా గుర్తే," అన్నాడు గురువు.

"ఆవిడ నన్ను తిట్టిన తిట్టు నేను నా శిష్యులకి నేర్పాను. తనని తిట్టిన తిట్టు ఆయన మీకు నేర్పాడు," అంది యువాన్. "ఇప్పుడు మీరు వాటిలో ఏది అసలుదని తగువు పడుతున్నారు."

పెయ్‌కి మొహం వేడెక్కింది. అయినా మొండివాడు గనుక అడిగేశాడు. "మరి అవ్వ తనకోసం తను చేసుకున్నప్పుడు ఎలా చేసేది?"

వృద్ధులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నేను చూసినప్పుడల్లా ఈడ్చేది," అంది యువాన్. "నేను చూసినప్పుడల్లా ఎత్తేది," అన్నాడు గురువు.

"ఏదీ, నా మలుపు ఒకసారి చెయ్యి," అంది యువాన్.

ఇదేం పెద్ద పని అనుకుంటూ పెయ్ నడుం దించాడు. దించగానే తొడలు వణికాయి. పాదం ఈడ్వబోతే మడమ దానంతటదే పైకి లేచింది. యువాన్ వచ్చి అతని భుజం మీద రెండు వేళ్ళు ఆనించింది. అంతే, మబ్బుకోన పెద్ద శిష్యుడు తన శిష్యులందరి ఎదుటా చతికిలబడ్డాడు. లేచి మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ పడ్డాడు. రెండోసారి లేవబోతూ ఎందుకో అక్కడే కూర్చుండిపోయాడు. సిగ్గుగా ఉంది, నిజమే. కానీ సిగ్గు కింద ఇంకోటేదో కదిలింది. చాలా ఏళ్ళుగా తనకి రానిదంటూ ఏదీ ఎదురుపడలేదు. ఇప్పుడు ఎదురుపడింది. చిన్నపిల్లాడికి ఆకలేసినట్టుగా ఉంది అతనికి. తను తిట్టి పంపేసిన కొత్తవాళ్ళు, ఆ మలుపు దగ్గర తూలి తూలి చివరికి రావడమే మానేసినవాళ్ళు, ఒక్కొక్కరే గుర్తొచ్చారు.

లేచి ముందు శిల్పి దగ్గరికి వెళ్ళి, ఆలస్యానికి క్షమాపణ చెప్పుకుని, గోడ మీద మో అవ్వ పేరు ఒక్కటి చెక్కితే చాలన్నాడు.

యువాన్ తిరిగి వెళ్ళేనాడు పెయ్ కూడా మూట కట్టుకున్నాడు. చలికాలం దాకా ఆమె దగ్గర ఉండి పాదం ఈడ్వడం నేర్చుకుని వస్తానని గురువుకి చెప్పుకున్నాడు. గురువు వాకిలి దాకా వచ్చి సాగనంపాడు. యువాన్ అప్పటికే దారి మలుపు దిగుతోంది. రెండడుగులు వేసి పెయ్ వెనక్కి తిరిగాడు. అతని మొహంలో బెరుకేమీ లేదు, తేల్చుకుని పోదామన్న పట్టుదలే ఉంది.

"గురువుగారూ, తిరిగొచ్చేసరికి నాకు రెండూ వస్తాయి. అప్పుడు ఏది నేర్పమంటారు?"

"ఎవరికి?" అన్నాడు చియు గురువు.