నీరుగంటి ఓబులమ్మ గీతలు

ఎప్పటి మాటో ఇది. ఎర్రమట్టి కొండల నడుమ అరుణవాడ అనే నగరం ఉండేది. ఊరికి పైన ఒక పెద్ద చెరువు. దాని తూము తెరిచి వీధి వీధికీ నీళ్లు వదిలే పని నీరుగంటి ఓబులమ్మది.

ఒక కాలంలో వరసగా రెండేళ్లు వానలు పడలేదు. బావులు ఎండిపోయాయి. చెరువు సగానికి సగం తగ్గింది. జనం భయపడి, దొరికిన నీళ్లన్నీ ఇళ్లలో దాచుకోసాగారు. వీధి తొట్ల దగ్గర కడవలు పగిలాయి, తలలూ పగిలాయి.

రాజు ధరణివర్మ ఓబులమ్మను పిలిపించి, వచ్చే వానల దాకా ఈ నీటితో ఊరిని నిలబెట్టగలవా అని అడిగాడు. నిలబెట్టగలనంది ఓబులమ్మ. కొలత మాత్రం తనదే కావాలంది. రాజు ఒప్పుకున్నాడు.

ఆమె చెరువులో ఒక రాతి స్తంభం పాతించి, దాని మీద నలభై గీతలు చెక్కించింది. ఎండ తాగేది పోను, గీతకు మూడు రోజుల నీరు. మనిషికి రోజుకు రెండు కడవలు. ఎవరైనా చెరువు కట్టెక్కి గీతలు చూసుకోవచ్చునని ఊరంతా చాటించింది.

మొదట పట్టుబట్టల వర్తకుడు నాగిసెట్టి ఒక చీర పంపి, తన ఇంటికి పది కడవలు ఎక్కువ ఇమ్మన్నాడు. ఓబులమ్మ చీర మడత విప్పకుండానే తిప్పి పంపింది.

తరువాత సేనాపతి వచ్చి ఏనుగుల స్నానానికి నీళ్లడిగాడు. వాటికి తాగడానికి ఇచ్చింది గాని, స్నానానికి ఇవ్వలేదు.

మూడోసారి రాజే వచ్చాడు. ఆయన తల్లి నాటిన తామరలు కోటలోని కొలనులో వాడిపోతున్నాయి.

"ఓబులమ్మా, ఒక్క గీత నీరు వదులు. ఒక్క గీతకు ఏమవుతుంది?" అన్నాడు.

ఓబులమ్మ చేతులు జోడించింది. 

"ఒక్క గీతంటే ఊరికి మూడు రోజుల నీళ్లు, ప్రభూ. ఆ మూడు రోజులూ ఎవరికీ నీళ్లు లేవని మీరే చాటింపు వేయించండి. తూము తెరుస్తాను."

రాజు స్తంభం మీద మిగిలిన గీతలు లెక్కపెట్టుకున్నాడు. తామరల మాట వదిలేసి కోటకు వెళ్లిపోయాడు. మరునాటి నుంచి కోటలోనూ మనిషికి రెండే కడవలు. తామరలు ఎండిపోయాయి. ఆ సంగతి ఊరందరికీ తెలిసింది. జనం ఇళ్లలో నీళ్లు దాచుకోవడం మానేశారు.

పది గీతలు మిగిలేసరికి కూడా ఆకాశంలో మబ్బు జాడ లేదు. కొలత తగ్గించక తప్పదని, ఆ మాట ఎలా చెప్పాలా అని ఓబులమ్మ మథనపడింది. ఆమె నోరు తెరవకముందే వీధుల పెద్దలు కట్టెక్కి వచ్చారు. గీతలు తామూ లెక్కపెట్టామని, ఇకనుంచి మనిషికి ఒక్క కడవ చాలని చెప్పారు. వాళ్లలో నాగిసెట్టీ ఉన్నాడు.

అలా ముప్పై రోజుల నీరు అరవై రోజులకు వచ్చింది. చివరి గీత తడిగా ఉండగానే కొండల మీద ఉరుము వినిపించింది. అరుణవాడలో ఒక్క ప్రాణమూ దాహంతో పోలేదు.

పంచే చేయి అందరికీ ఒకే కొలత వేస్తే, ఉన్న కొంచెమే ఊరందరినీ బతికిస్తుంది.