నలభై గెలుపుల బిరుదు

తవిటయ్య కొడితే బంతి మబ్బుల్లోకి వెళ్ళి, మూడో రోజున తడిసి దిగేది. అంతటివాడు కుంతలవరం రాజవిద్యాలయంలో కుర్రాళ్ళకి వల మీదుగా బంతి కొట్టడం నేర్పుతూ తల పట్టుకు కూర్చున్నాడు. ఉగాదికి పొరుగు రాజ్యంతో పోటీ. ఓడితే ఆటశాల మూసేస్తానన్నారు రాజుగారు. కుర్రాళ్ళకేమో గట్టి దెబ్బంటే ఏమిటో తెలియదు.

"ఆచార్యా, ఒక్క గట్టి జట్టునైనా పిలవండి!" అని వందోసారి మొత్తుకున్నాడు.

"ఓడితే నా పరువేం కావాలి? నలభై ఆటలు, నలభై గెలుపులు!" అన్నాడు ప్రధానాచార్యుడు నృకేసరి, మీసం దువ్వుతూ.

తవిటయ్యకి ఒళ్ళు మండింది. అయినా చేతులు కట్టుకుని, "అయితే నిండు సభలో బిరుదులు చదివించుకోవద్దా, స్వామీ?" అన్నాడు. ఆచార్యుడు ఉబ్బిపోయాడు.

ఆ రాజ్యంలో ఓడినవాళ్ళ పేరుతోనే గెలిచినవాడికి బిరుదు. సభలో వందిమాగధుడు గొంతెత్తాడు: "అప్పడాల అవ్వలను ఓడించిన గండరగండడా! పెళ్ళి వంటవాళ్ళను మట్టి కరిపించిన మేటీ! జ్వరం నుంచి లేచిన జాలర్లను జయించిన వీరా!"

రాజుగారి నవ్వుకి కోట బురుజు బీటలిచ్చింది.

"నా పరువు తీశావు కదరా!" అని బయటికొచ్చి పళ్ళు నూరాడు ఆచార్యుడు.

"అందులో నేను కల్పించిన పేరు ఒక్కటుందా, స్వామీ? అన్నీ తమరు ఏరి పిలిచిన జట్లేగా. రేపటి బిరుదులో ఎవరి పేరుండాలో తమరే సెలవివ్వండి."

"సింగవరం పహిల్వాన్లని పిలిచి చావు!"

పిలిచారు. కుర్రాళ్ళు చిత్తుచిత్తుగా ఓడి, మర్నాడు పొద్దు పొడవకముందే ఎవరూ పిలవకుండా వచ్చి వల కట్టుకున్నారు. ఉగాది నాడు వాళ్ళు కొట్టిన బంతికి పొరుగు జట్టు పొలిమేర దాటాక గానీ వెనక్కి తిరిగి చూడలేదు.