సిమ్మయ్య పెళ్ళి గడ్డం

కొంకిపాడులో దాలమ్మకి ముగ్గురు కొడుకులు. సిమ్మయ్య, పైడయ్య, గవరయ్య. ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే పోగుపడిందని ఆ నలుగురికీ గట్టి నమ్మకం. అందుకే ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవారు కారు, మాట్లాడితే తమ తెలివి వాళ్ళకి అంటుకుంటుందని. అంటుకుంటుందేమోనని భయపడాల్సింది అవతలివాళ్ళు, ఆ సంగతి వీళ్ళకి ఎవరు చెప్తారు?

పెద్దవాడు సిమ్మయ్యకి నలభై దాటినా పెళ్ళి కాలేదు. పెళ్ళిచూపుల్లో ప్రతి పిల్లా వాడి గడ్డం చూసి వద్దంది. చివరికి మేనమామ అప్పారాయుడు కాళ్ళరిగేలా తిరిగి పొరుగూళ్ళో నూకాలు అనే పిల్లని కుదిర్చాడు. నూకాలు ఒక్కటే మాట చెప్పింది. నున్నటి ముఖంతో పీటల మీద కూచుంటే సరే, గడ్డం కనబడిందా, లేచి వెళ్ళిపోతానంది. ఈ పిల్ల కూడా పోతే సిమ్మయ్యకి ఇంక పిల్లనిచ్చే ఊరే లేదు.

క్షవరం చేసే వీరన్నని పిలుద్దామంటే దాలమ్మ ఒప్పుకోలేదు. ఇంత తెలివి ఉన్న ఇంట్లో పరాయివాడి చెయ్యెందుకంది. సరేలే అని, పెళ్ళినాటి పొద్దున్నే అప్పారాయుడు తన గడ్డం కత్తీ, దానికి పదును పెట్టే తోలుపట్టా వాళ్ళ చేతిలో పెట్టాడు. తను ముందుగా ఆడపెళ్ళివారింటికి వెళ్ళాలి మరి.

"జాగ్రత్తగా వినండర్రా. ఏ తోలైనా సరే, బిగువుగా ఉండాలి. కత్తి వెళ్ళేటప్పుడు మొద్దుగా ఉండే వెన్ను ముందు వెళ్ళాలి, పదునంచు వెనకుండాలి. రుద్దిన ప్రతిసారీ తల మీద ఒక వెంట్రుక కోసి చూసుకోండి. పదును రాకుండా గడ్డం మీద పెట్టారో, చర్మం లేచిపోతుంది."

ముగ్గురూ తలలూపారు. ఊపడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు.

తోలు బిగువుగా ఉండాలి కదా. పట్టా ఒక కొస ఇంటి ముందున్న గడ్డికప్పు పంచ గుంజకి కట్టారు. రెండో కొస ఎవరు లాగినా చాల్లేదు. ఇంట్లో అందరికంటే బలమైంది ఎద్దు. అంతే, దాని మెడకి కట్టి, తోక మెలిపెట్టారు. ఇంకేముంది, ఎద్దు పరిగెత్తింది, గుంజ దాని వెనకే వెళ్ళింది, పంచ మొత్తం కింద కూచున్న దాలమ్మ మీద కూలింది. ఆ మహాతల్లి గడ్డిలోంచి తల బయటపెట్టి, ఇప్పుడు బిగిసిందా నాయనా అని అడిగింది.

బిగిసింది గానీ, ఎద్దుతో పాటు తోలు చెరువు దాటిపోయింది. ఏం చెయ్యాలా అని ముగ్గురూ కూచుని ఏడుస్తుంటే పెళ్ళికొడుకుని తీసుకెళ్ళడానికి డప్పులవాళ్ళొచ్చారు. పైడయ్య కళ్ళు మెరిశాయి. ఏ తోలైనా సరేనన్నాడు మావయ్య, డప్పు కంటే బిగువైన తోలు ఎక్కడుంది? అడిగేలోపే లాక్కుని రుద్దాడు. వెళ్ళేటప్పుడు వెన్ను ముందే పెట్టాడు, పాపం. వచ్చేటప్పుడు కత్తి తిప్పాలని మావయ్య చెప్పలేదు కదా, అలాగే లాక్కొచ్చాడు. అంతే, డప్పు రెండు చెక్కలయింది. డప్పులవాళ్ళు తిట్టిన తిట్లు నేను చెప్పను, పిల్లలు వింటున్నారు.

చివరికి సిమ్మయ్య తోలు చెప్పు ఒకటి దొరికింది. గవరయ్య దాన్ని రెండు చేతులా లాగి పట్టుకున్నాడు. పైడయ్య ఓసారి రుద్దడం, సిమ్మయ్య తల మీద ఓ వెంట్రుక కోసి చూడడం. తెగింది. ఒక్కటి తెగితే నమ్మేదెలా అని మళ్ళీ రుద్దడం, మళ్ళీ కొయ్యడం. అబ్బ, ఎంత శ్రద్ధ! ఆ శ్రద్ధలో వీసమెత్తు బుర్రలో ఉంటే బాగుపడేవారు. సూర్యుడు నడినెత్తికొచ్చేసరికి సిమ్మయ్య తల గుమ్మడికాయలా నున్నగా మెరిసింది. గడ్డం మాత్రం గుబురుగా అలాగే ఉంది. కొయ్యడానికి ఇంక వెంట్రుక లేదు, పదును చూసుకోకుండా గడ్డం మీద కత్తి పెట్టకూడదు. పైగా ముహూర్తం వేళయింది.

దాలమ్మని పంచ కూలిన ఇంటికి కాపలా పెట్టి, డప్పు లేకుండానే బయల్దేరారు. దారిలో గవరయ్యకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. పిల్ల అడిగింది నున్నటి ముఖం. అన్నయ్య వెనకవైపు నున్నగానే ఉంది. పిల్ల వైపు తిరక్కుండా కూచుంటే చాలు.

అలాగే కూచోబెట్టారు. పెళ్ళికూతురి వైపు గుండు, జనం వైపు గడ్డం. ఏం జరిగినా వెనక్కి తిరగొద్దని తమ్ముళ్ళిద్దరూ వాడి ఎదురుగా నిలబడి వాడి ముఖమే కాపలా కాశారు. నూకాలు వంగి ఓసారి తొంగి చూసింది. ఇంకేముంది, తను ముందే చెప్పినట్టు లేచి లోపలికి వెళ్ళిపోయింది. అప్పారాయుడు తల పట్టుకుని కూలబడ్డాడు. ఆడపెళ్ళివారి బాజాలు ఆగాయి, పందిట్లో గోల మొదలైంది. ఆ గోలే తాళి కట్టే వేళ గట్టిమేళం అనుకున్నాడు సిమ్మయ్య. తాళి పట్టుకున్న చేతులు వెనక్కి చాపి తడిమాడు. పందిరికి కట్టిన అరటి బోదె తగిలింది. గట్టిగా మూడు ముళ్ళూ వేశాడు.

పెళ్ళికూతురు మాట్లాడకపోతే సిగ్గనుకున్నారు. నడవకపోతే గారాబమనుకున్నారు. ముగ్గురూ భుజాల మీద ఎత్తుకుని ఇంటికి తెచ్చారు.

దాలమ్మ హారతి పళ్ళెం పక్కన పెట్టి, కోడలిని పైనుంచి కిందిదాకా నిమిరింది. ఆమె కళ్ళు చెమర్చాయి.

"ఒరే సిమ్మయ్యా, ఎంత నున్నగా ఉందిరా! ఈ పిల్ల ఊళ్ళో గడ్డం ఎవరు గీస్తారో కనుక్కో, రేపు నిన్ను అక్కడికే పంపిస్తాను."