కప్పల వంతు

"ఇకమీదట ఎండా వానా నేను చెప్పినట్టు వింటాయి!" అని ఆశ్రమం వసారాలో నిలబడి ప్రకటించాడు కౌండిన్య.

ఎక్కడి ఎండ, ఎక్కడి వాన అని మాత్రం అడక్కూడదు. అతని రాజ్యం మొత్తం ఓ మంచమంత. చుట్టూ గాజు, పైన మూత, లోపల నాచు, నాలుగు అడవి మొక్కలు. ప్రజలంటారా, కాసిని చెట్టుకప్పలు. వాటిలో ఏదీ మాట వింటానని ఒప్పుకోలేదు.

మారేడుమిల్లి దాటాక కొండవార ఉంది ఆ ఆశ్రమం. ఒక వేసవిలో పక్కనున్న వాగు ఎండిపోతుంటే అవ్యక్తస్వామి ఆ కప్పల్ని ఏరి తెచ్చి గాజు పెట్టెలో పెట్టారు. వాగు మళ్ళీ నిండుగా పారినప్పుడు వదిలేద్దామన్నారు. అప్పట్నుంచీ శిష్యులకు వంట వంతు, ఊడ్పు వంతుతో పాటు కప్పల వంతు కూడా వచ్చిపడింది. వంతున్నవాడు పొద్దున్నే మూత తీసి, అడుగుదాకా చెయ్యి పెట్టి, నాచు తడిమి చూడాలి. పొడిగా ఉంటే నీళ్ళు చిలకరించాలి. మరీ తడిగా ఉంటే మూత కాస్త ఎత్తిపెట్టాలి. అంతే.

ఆ 'అంతే' కౌండిన్యకు నచ్చలేదు. ఇంజనీరింగు చదివి వచ్చినవాడు మరి.

"ఈ రోజుల్లో కూడా చేత్తో తడమడమేంటి స్వామీ? యంత్రం పెడదామండీ. లోపల వేడెక్కిందనుకోండి, ఫ్యాను తిరుగుతుంది. ఆరిపోయిందనుకోండి, పంపు తుంపర కొడుతుంది. మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు."

"అసలు పెట్టక్కర్లేదా?" అన్నారు స్వామి ఆసక్తిగా.

"వేలు కూడా పెట్టక్కర్లేదండీ!" ఆ మాట అవసరానికి మించి గట్టిగానే అన్నాడు.

"అయితే కట్టు నాయనా, చూద్దాం."

కట్టాడు. మొదట ఫ్యాను ఎంత జోరుగా తిరిగిందంటే మొక్కలన్నీ ఒక పక్కకు పడుకున్నాయి. తర్వాత పంపు లోపలికి కొట్టాల్సింది బయటికి కొట్టి, ఎదురుగా ధ్యానంలో కూర్చున్న తోటి శిష్యుడు పరదేశికి స్నానం చేయించింది. మొత్తానికి ఎలాగో అన్నీ కుదిరాయి. మూత కింద మొక్కల కోసం పెట్టిన దీపం పక్కన, తేమా వేడీ కొలిచే సెన్సారు వేలాడింది. పెట్టె బయట చిన్న తెర మీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి. ఫ్యాను తనంతట తాను తిరుగుతోంది, పంపు తనంతట తాను బుస్సుమంటోంది. కౌండిన్య మాత్రం గంటకోసారి వచ్చి తెర చూసి మురిసిపోతున్నాడు.

ఈలోగా స్వామి కంటి ఆపరేషనుకు కాకినాడ వెళ్ళాల్సి వచ్చింది. తోడు పరదేశి. ఇక ఆశ్రమంలో మిగిలేది కౌండిన్య ఒక్కడే. కప్పల్ని యంత్రానికి వదిలి వెళ్ళొచ్చో లేదో చూసి చెబుతానన్నారు స్వామి. వెళ్ళొచ్చంటే కప్పల వంతన్నదే ఉండదు. కాదంటే రోజూ వంతు తనదే. అది తలుచుకుని కౌండిన్య ఇంకోసారి వెళ్ళి తెర చూసొచ్చాడు.

బయల్దేరే రోజు పొద్దున్న స్వామి వచ్చి పెట్టె ముందు గొంతుక్కూర్చున్నారు. కప్పలన్నీ పై అంచుకు ఎగబాకి, పొట్టలు గాజుకు ఆనించి, బల్లుల్లా అతుక్కుని ఉన్నాయి.

"ఏరా కౌండిన్యా, నీ ప్రజలంతా గోడెక్కారేంట్రా?" అన్నాడు పరదేశి.

"యంత్రం దగ్గర్నుంచి చూద్దామని ఎక్కాయి."

"మొహాలు చూస్తే గోదారికి వరదొచ్చి డాబా ఎక్కినట్టున్నాయిరా."

స్వామి ఒక్కో కప్పనూ తీరిగ్గా చూశారు. "తెర ఏమంటోంది నాయనా?"

"తేమ చాలదంటోందండీ. ఇప్పుడే తుంపర కొడుతుంది, చూడండి."

పంపు బుస్సుమంది. కప్పలు ఇంకాస్త పైకి జరిగాయి.

"అడుగున నాచు చిటికెడు తీసుకురా" అన్నారు స్వామి.

"తెర మీదే ఉంది కదండీ..."

"ఉందిలే. నాచు కూడా చూద్దాం."

కౌండిన్య వంటింట్లోకి పరిగెత్తి గరిటె తెచ్చాడు. అందలేదు. మళ్ళీ వెళ్ళి పట్టకారు తెచ్చాడు. మూత రవంత ఎత్తాడు. లోపల ఒక కప్ప ఇటు తిరిగింది. మూత టప్పున పడిపోయింది.

"తెర తప్పు చెప్పదండీ" అన్నాడు వెనక్కి జరిగి.

స్వామి లేచారు. ఉత్తరీయం భుజం మీదికి సర్దుకుని, మోచేతిదాకా చెయ్యి పెట్టి, గుప్పెడు నాచు పైకి తీసి పిండారు. ఉతికిన తువ్వాలు పిండినట్టు నీళ్ళు కారాయి. వసారా గచ్చు మీద పారి కౌండిన్య పాదాల దాకా వచ్చాయి. తెర మాత్రం ఇంకా తేమ చాలదనే అంటోంది.

కౌండిన్య మొహం వాడిపోయింది. "అయితే ఇన్నాళ్ళూ అది అబద్ధం చెబుతోందా స్వామీ?"

"పాపం, దానికేం అవసరం? ఎక్కడ కూర్చోబెడితే అక్కడి సంగతి చెబుతోంది. దీపం పక్కన ఎవరికైనా దాహమే." స్వామి మూత కిందికి తొంగి చూశారు. "కప్పలుండేది కిందైతే దీన్ని ఇంత పైన ఎందుకు కట్టావు?"

"తీగ చాల్లేదండీ."

పరదేశి పక్కనున్న బుట్టలోంచి తీగ చుట్ట తీశాడు. "ఇదిగో, ఆశ్రమం చుట్టూ తిప్పినా మిగుల్తుంది."

"వేడి పైకే పోతుంది కదండీ, అందుకని..."

"ఊఁ" అన్నారు స్వామి.

"పైనైతే... చెయ్యి అడుగుదాకా పెట్టే పని..." వాక్యం దారి తప్పి ఆగిపోయింది.

స్వామి నవ్వలేదు. సెన్సారు విప్పి కౌండిన్య అరచేతిలో పెట్టారు. రెండో చేత్తో మూత పూర్తిగా ఎత్తి పట్టుకున్నారు. ఆయన మణికట్టు మీద బొటనవేలంత కప్ప ఒకటి కూర్చుని గొంతు ఎగరేస్తోంది.

"నాచులో పెట్టు" అన్నారు.

కౌండిన్య నాచును చూశాడు. కప్పను చూశాడు. కప్ప అతణ్ణి చూసింది. గట్టిగా కళ్ళు మూసుకుని చెయ్యి లోపలికి పోనిచ్చాడు. వేళ్ళకు బురద తగిలింది. మెత్తటిదీ చల్లటిదీ ఏదో గెంతి వేలిమీద కూర్చుంది. ఒళ్ళంతా జలదరించింది గానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"స్వామీ," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "నాకు కప్పలంటే భయమండీ. నా వంతు వచ్చినప్పుడల్లా నా సున్నుండ పరదేశికిచ్చి వాడి చేతే చేయించానండీ."