ఇవాళ దిగుదాం

మస్తాన్‌కి గురువు మీద అలక. సైనిక విమానాల బడిలో తన తోటివాళ్లందరూ ఒంటరిగా విమానం నడిపేశారు. తనని మాత్రం కోదండపాణి గారు వదలడం లేదు. పైగా ఆకాశంలో హాయిగా పోతుంటే వెనక సీట్లోంచి ఇంజన్ లివరు వెనక్కి లాగేసి, "ఇంజన్ పోయింది. ఎక్కడ దించుతావోయ్?" అంటాడాయన. వీడు ఏదో ఒక చేను వెతుక్కుని దించుకుంటూ పోవాలి. నేల దగ్గరపడ్డాక ఆయనే లివరు ముందుకు నెట్టి, "సరే, పద పైకి" అంటాడు. రోజూ ఇదే గోల.

ఆ ఉదయం విమానం ఎక్కబోతూ అడిగేశాడు. "మీకు నా మీద నమ్మకం లేదా సార్?"

కోదండపాణి హెల్మెట్ బిగించుకుని వెనక సీట్లో కూర్చున్నాడు.

పైకి లేచి కొంతదూరం పోయారో లేదో, ఇంజన్ పొడిదగ్గు దగ్గి చల్లారిపోయింది. ఈసారి నిజంగానే. కోదండపాణి లివరు ముట్టుకోనే లేదు. ముందున్న పంకా గాలికి తిరుగుతోంది గానీ అందులో సత్తువ లేదు. మళ్లీ రాజేసే వ్యవధి లేదు, పారాచూట్‌తో దూకేంత ఎత్తూ లేదు.

ఆయన విమానం తానే అందుకుందామని చెయ్యి చాపాడు. చూస్తే వేళ్లు వణుకుతున్నాయి. ముందు సీట్లో కుర్రాడి భుజాలు మాత్రం నిమ్మళంగా ఉన్నాయి. పాపం, వాడు ఇది కూడా రోజూ ఉండే గోలే అనుకుంటున్నాడు.

కోదండపాణి ఆ చేత్తోనే రోజూలాగే లివరు లాగేశాడు. "ఇంజన్ పోయింది. ఎక్కడ దించుతావోయ్?"

"మళ్లీ మొదలెట్టారూ" అని గొణుక్కుంటూ మస్తాన్ కిందికి చూశాడు. "అదిగో, కోసేసిన జొన్నచేను సార్. గాలికి ఎదురుగా ఉంది."

"కానీ."

ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. వాటిని అక్కడ ఉంచడం ఎంత కష్టమో ఆయనకే తెలుసు. ఇంటి దగ్గర పెళ్లాం, పిల్లలు కళ్లముందు మెదిలారు.

చేలో జొన్నమోళ్లు విడివిడిగా కనబడసాగాయి. "ఇక చాలు కదా సార్, పైకి పోదామా?" అన్నాడు మస్తాన్ విసుగ్గా.

"ఇవాళ దిగుదాం నాయనా."

ఆ గొంతు విన్నాక మస్తాన్‌కి అర్థమైంది, ఇంజన్ నిజంగానే పోయిందని. విమానం ముక్కు కాస్త ఎత్తి చక్రాలు నేలకి ఆనించాడు. అది ఎగిరెగిరి పడింది, గట్టుకి తగిలి ఒక రెక్క విరిగింది, గిర్రున తిరిగి దుమ్ములో ఆగింది.

ఇద్దరూ బయటపడి దూరంగా పరిగెత్తారు. మస్తాన్‌కి అప్పుడు మొదలైంది వణుకు.

"మీరెందుకు అందుకోలేదు సార్?"

"నా చేతులు వణికాయిరా. నీవి వణకలేదు."

మస్తాన్ ఏడుస్తూ ఆయన కాళ్లమీదికి వంగబోయాడు. కోదండపాణి మధ్యలోనే పట్టి నిలబెట్టి, తానే శిష్యుడికి రెండు చేతులూ జోడించాడు.

"అయ్యో, తప్పు సార్. నేర్పింది మీరు."

"నేర్పాను. నన్ను మా ఇంటికి పంపుతున్నది నువ్వు. దణ్ణం పెట్టుకోనీ."