వరాలు పెళ్ళి, చిలకమ్మ పడవ

రా బుజ్జీ, దిండు ఇటు జరుపుకో. ఊఁ కొట్టాలి సుమా! ఊఁ ఆగితే కథ కూడా ఆగుతుంది. అదీ మన ఒప్పందం.

అనగనగా ఒక ఏరు. ఆ ఏరు సముద్రంలో కలవబోయే చోట ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకయ్య అని ఒక పడవాయన. ఆయనకి ఒక కూతురు, ఒక పడవ. కూతురి పేరు వరాలు. పడవ పేరు చిలకమ్మ. చిలకమ్మ అని ఎందుకన్నారంటే, దాని ముందుభాగానికి వరాలు చిన్నప్పుడే ఎర్రరంగు ముక్కు వేసి, రెండు కళ్ళు దిద్దింది. ఆ కళ్ళు ఉండబట్టే పడవకి దారి కనిపిస్తోందని ఆ పిల్ల నమ్మకం.

వరాలుకి పెళ్ళి కుదిరింది. అవతలి ఒడ్డు సంబంధం, పిల్లాడు గంగరాజు. ఇంక చూడు, ఇల్లంతా హడావిడే హడావిడి!

అప్పుడు నూకయ్య వాళ్ళక్క దేముడమ్మ వచ్చి, గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూనే మొదలుపెట్టింది.

"ఒరే తమ్ముడూ! ఒక్కగానొక్క పిల్ల. పై వీధివాళ్ళు షామియానా వేయించారు. పట్నం నుంచి వంటవాళ్ళని దింపారు. పెళ్ళికొడుకుని లాంచీలో తెచ్చారు. నువ్వేమో కొబ్బరాకుల కింద పప్పన్నం పెట్టి పంపిస్తావా? ఊళ్ళో తలెత్తుకోవద్దూ?"

నూకయ్య మెత్తని మనిషి. తల గోక్కున్నాడు. ఏటివైపు చూశాడు. ఆ తర్వాత, "సరే అక్కా, చిలకమ్మని అమ్మేస్తాను" అన్నాడు.

వల బాగుచేస్తున్న వరాలు చెయ్యి ఆగిపోయింది. 'నేను అత్తారింటికి వెళ్ళిపోతాను. చిలకమ్మ కూడా వెళ్ళిపోతే నాన్నకి ఏం మిగులుతుంది? రేపటి నుంచి ఏం తింటాడు?' అనుకుంది. కళ్ళనీళ్ళు వచ్చాయి గానీ, ఏడుస్తూ కూర్చోలేదు. నేను బళ్ళో పాఠం చెప్తుంటే తెలివైన పిల్లలు అడుగుతారే, అలా ఒక ప్రశ్న వేసింది.

"నాన్నా, మన ఊళ్ళో ఎదురుకోలు ఎక్కడ జరుగుతుంది?"

ఎదురుకోలంటే ఏమిటో చెప్పు చూద్దాం. తెలీదూ? పెళ్ళికొడుకువాళ్ళు వస్తుంటే, పెళ్ళికూతురివాళ్ళు మేళంతో ఎదురు వెళ్ళి, పానకం ఇచ్చి పిలుచుకు రావడం. మిగతా ఊళ్ళలో అది వీధి మొదట్లో జరుగుతుంది. వీళ్ళది ఏటి ఊరు కదా, అందుకని ఏటి మధ్యలో జరుగుతుంది. ఈ పడవలోంచి ఆ పడవలోకి పానకం బిందె అందించాలి. ఒక్క చుక్క ఒలికినా అవతలివాళ్ళు ఏడాది పొడుగునా వేళాకోళం చేస్తారు!

"ఏటి మధ్యలోనే. ఎప్పుడూ అంతేగా" అన్నాడు నూకయ్య.

"మరి దేనిమీద వెళ్తావు?"

"చిలకమ్మ మీ..." అని నాలుక కరుచుకున్నాడు. దేముడమ్మకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

"అయితే పెళ్ళయిన మర్నాడు అమ్ముతాను. పడవ కొంటానన్న షావుకారుకి అలాగే కబురుచేస్తాను" అన్నాడు.

అప్పుడు వరాలు, "పెళ్ళి ఒక పూట, పడవ ప్రతి పూట నాన్నా! ఆ మూడు ఖర్చులూ నాకు వదిలెయ్యి. మూడూ తగ్గిస్తే అమ్మవుగా?" అంది.

"తగ్గితే ఎందుకమ్ముతానే? నాకేమన్నా సరదానా?"

ఏదీ, వేళ్ళు చాపు. ఒక్కో ఖర్చు తగ్గినప్పుడల్లా ఒక్కో వేలు ముడవాలి. మొదటి వేలు, పందిరి. వరాలు ఇంటింటికీ వెళ్ళి, "ఒక్కరోజుకి మీ పడవ తెరచాప ఇస్తారా పిన్నీ?" అని అడిగింది. ఎరుపు, నీలం, పసుపు, అతుకుల మీద అతుకులు ఉన్న తెరచాపలు వచ్చాయి. రాటల మీద కడితే, సాయంకాలం మబ్బులన్నీ దిగి వాళ్ళ వాకిట్లో కూర్చున్నట్టుంది! చిలకమ్మ తెరచాప సరిగ్గా నడిమధ్య, పెళ్ళిపీటల మీదికి వచ్చింది.

రెండో వేలు, భోజనాలు. ఆ ఊళ్ళో ఏ పెళ్ళయినా చదివింపుల్లో స్టీలు గిన్నెలే. వీళ్ళిచ్చిన గిన్నె వాళ్ళ అటకెక్కి, వాళ్ళ అటక దిగి మళ్ళీ వీళ్ళ అటకే ఎక్కుతుంది. అందుకని వరాలు, "గిన్నెలొద్దు, గిన్నెలోకి వేసేది తీసుకురండి" అని చెప్పింది. అప్పుడు ఒకరు పనసకాయ, ఒకరు గుమ్మడికాయ, ఒకరు కుండెడు పెరుగు తెచ్చారు. ఆడవాళ్ళంతా చేరి బూరెలు వేస్తుంటే ఆ వాసనకి అవతలి ఒడ్డు కుక్కలు కూడా మొరిగాయట!

మూడో వేలు, లాంచీ. ఇక్కడే పడింది చిక్కు. "పెళ్ళివారిని చిలకమ్మలోనే తెస్తాం" అని కబురుచేస్తే, గంగరాజు మేనమామ సూరిబాబు మీసం దువ్వుకుంటూ వచ్చాడు.

"చేపల పడవలోనా మావాడు రావడం? లాంచీ పెట్టండి. కిరాయి మీదే!"

నూకయ్య కాదనలేకపోయాడు. ఆ రోజు నాన్నా కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మూడో వేలు ముడవనేలేదు మరి. పడవ పోయినట్టేగా!

పెళ్ళిరోజు తెల్లారింది. పదిగంటలకి ముహూర్తం. మేళగాళ్ళు సిద్ధం, పానకం సిద్ధం. చిలకమ్మ ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టారు. వరాలు బుగ్గన చుక్కతో కూర్చుంది. అవతల లాంచీ బయల్దేరింది. భోం... భోం... అని వస్తోంది.

వస్తోందా? వచ్చింది, వచ్చింది, ఏటి మధ్యలో కర్రున ఆగిపోయింది!

ఎందుకాగింది? సముద్రం రోజూ ఊపిరి పీల్చి వదులుతుందని చెప్పానా? నీళ్ళు పైకొస్తే పోటు, వెనక్కి పోతే పాటు. అది పాటువేళ. పెద్ద లాంచీకి కడుపు లోతు. ఇసుకతిప్ప మీద కూర్చుండిపోయింది. మళ్ళీ పోటు వస్తేగాని లేవదు. పోటేమో మధ్యాహ్నానికి. ముహూర్తమేమో పదింటికి!

ఒడ్డున ఉన్న పడవలన్నీ బురదలో ఇరుక్కున్నాయి. ఎదురుకోలు కోసం నీళ్ళలో దింపి ఉంచిన చిలకమ్మ ఒక్కటే తేలుతోంది. దాని కడుపు నీ అరచేతంత లోతు. తిప్ప పక్కనుంచి జారిపోగలదు. కానీ పాటునీళ్ళు లాగేస్తుంటే తెడ్డు వేస్తూ వెళ్ళిరావాలంటే వేళ మించిపోతుంది. గాలేమో బాగా ఉంది. తెరచాప కావాలి. తెరచాపేమో పందిట్లో ఉంది!

"పందిరి విప్పితే అశుభం!" అని దేముడమ్మ అడ్డం వచ్చింది.

అప్పుడు వరాలు బాసికంతోనే లేచి నిలబడింది. "అత్తా, పెళ్ళికొడుకు రాకపోవడం శుభమా? విప్పండి!"

విప్పారు. పరుగున తీసుకెళ్ళి కట్టారు. తెరచాప గాలి మింగి బుర్రున ఉబ్బింది. చిలకమ్మ రెక్కలొచ్చినట్టు లేచిపోయింది! డోలు ఒక పక్కకి, సన్నాయి ఒక పక్కకి ఊగిపోతున్నా మేళగాళ్ళు వాయిస్తూనే ఉన్నారు.

లాంచీ మీద సూరిబాబు తలపాగా విప్పి ఊపుతున్నాడు. "బావగారూ! నూకయ్య బావగారూ! ఇటు, ఇటు! ఆ చేపల పడవే దగ్గరికి తీసుకురండి!"

"పానకం పుచ్చుకోనిదే ఎక్కించుకోకూడదు బావగారూ. మా ఊరి మర్యాద" అన్నాడు నూకయ్య నవ్వు ఆపుకుంటూ. బిందె అందించాడు. ఒక్క చుక్క ఒలకలేదు. గంగరాజుని, వాళ్ళమ్మానాన్నల్ని, సూరిబాబుని ఎక్కించుకున్నారు. మిగతావాళ్ళు పోటుతోపాటు భోజనాలవేళకి వస్తామన్నారు.

సరిగ్గా వేళకి ఒడ్డు చేరారు. పందిరి మధ్యలో చదరంగా ఆకాశం కనిపిస్తోంది. ఎండ వచ్చి పెళ్ళిపీటల మీద కూర్చుంది. పురోహితుడు, "అడ్డుతెర ఏదమ్మా?" అన్నాడు. ఆ కంగారులో అది ఎక్కడ పెట్టారో ఎవరికీ తోచలేదు. అప్పుడు నూకయ్య చిలకమ్మ తెరచాపనే మడిచి, పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ మధ్య పట్టుకున్నాడు. ఏటినీళ్ళు టపటపా కారుతుండగా జీలకర్రా బెల్లం పెట్టుకున్నారు!

తర్వాత లాంచీవాడు కిరాయికి వచ్చాడు. నూకయ్య లేవబోయాడు. సూరిబాబు అతని భుజం పట్టుకుని కూర్చోబెట్టేశాడు. "లాంచీ కావాలన్నది నేను. ఆ కిరాయి నాది. ఇంకో రెండు బూరెలు వేయించండి బావగారూ, చాలు."

ఏదీ, మూడో వేలు ముడిచెయ్యి!

మర్నాడు షావుకారు వచ్చాడు. నూకయ్య అతని చేతిలో విస్తరాకు పెట్టాడు. "బూరెలు తినండి బాబూ. పడవ అమ్మను" అన్నాడు. ఆ తర్వాత కూతుర్నీ అల్లుడినీ చిలకమ్మలోనే అత్తారింటికి దింపాడు. అప్పట్నుంచీ పొద్దున్నే వరాలు ఆ ఒడ్డున నిలబడి చూసేది. ఎర్రముక్కు కనిపిస్తే, నాన్న వస్తున్నట్టే!

పెళ్ళి ఒక పూట, పడవ ప్రతి పూట,
చిలకమ్మ పాడింది ఏటి మీద పాట.
పానకం బిందె పెళ్ళివారింటికి,
కథేమో కంచికి, నిద్దరేమో కంటికి!